మామూలు అని గుర్తు పెట్టిన గొంతులు

కంప్యూటరుకు అరబ్బీ నేర్పే పనిలో ఇరవై ఆరేళ్లు ఉన్నాను. నేను ఎలా నేర్పానో అది అలాగే నేర్చుకుంది. నాకు ఇప్పటికీ వణుకు తగ్గకపోవడానికి కారణం అదే.

పోయిన వేసవిలో పని మానేశాను. మానేసినవాళ్లు అనుభవాలు రాయడానికి కూర్చుంటే ఏ ఏడు ఏ హోదా వచ్చిందో, ఎవరు శాలువా కప్పారో రాస్తారు. నాకు హోదాలేవీ రాలేదు. శాలువా ఒకటి కప్పారు, చలికాలం పనికొస్తోంది. నేను రాస్తున్నది మా తిరువూరు చుట్టుపక్కల కాలేజీల నుంచి ఈ మధ్య ఈ పనిలోకి వెళ్తున్న పిల్లల కోసం. వాళ్లు మా అరుగు మీద కూర్చుని, "ఏముందండి తాతగారూ ఇందులో. వినటం, బటన్ నొక్కటం. అంతేగా" అంటారు.

అంతే నాయనా. వినటం, బటన్ నొక్కటం. ఆ రెంటి మధ్య నేనొక తప్పు చేశాను. ఒక మనిషి ఏమైందో ఈ రోజుకీ తెలియదు. మిగతా సంగతులన్నీ ఆ ఒక్క సంగతి మీకు అర్థం కావడానికే చెబుతున్నాను.

ఎదురు తిరిగే మిషను

మా నాన్న మామిడితోటలకు కాపలా ఉండేవాడు. నేను లెక్కల్లో పోయి ఎస్సెస్సెల్సీ తప్పాను. టైపు మాత్రం లోయరూ హయ్యరూ రెండూ ప్యాసయ్యాను. అందుకే ఈ ఊళ్లో ఇప్పటికీ సుందర్రావు అంటే ఎవరికీ తెలియదు, టైపు మాస్టారంటే ఇల్లు చూపిస్తారు.

కువైట్ వెళ్లింది టైపు పనికి కాదు. ఇంటి పని వీసా మీద వెళ్లాను. రెండేళ్లు ఒకాయన ఇంట్లో కార్లు కడిగాను, వచ్చిన వాళ్లకు టీలు అందించాను. నాకు మొట్టమొదట వచ్చిన అరబ్బీ మాటలు నాలుగు: రా, పో, త్వరగా, గాడిదా. ఈ నాలుగూ గుర్తుంచుకోండి, మళ్లీ వీటి దగ్గరికే వస్తాను.

తర్వాత ఒక టైపింగు దుకాణంలో తుడిచే పనికి కుదిరాను. పనివాళ్లకు అర్జీలు టైపు చేసిపెట్టే దుకాణం అది. అక్కడ అరబ్బీ టైపు మిషను చూశాను. మన మిషనులో క్యారేజీ ఎటు జరుగుతుందో దానిలో అందుకు ఎదురు జరుగుతుంది. మధ్యాహ్నం యజమాని కునుకు తీసేటప్పుడు దాని ముందు కూర్చునేవాణ్ణి. ఆర్నెల్లలో చేతికి పట్టుబడింది. పిల్లల వాచకాలు కొనుక్కుని చదువు నేర్చుకున్నాను. ఎవరూ చెప్పలేదు, ఏ పరీక్షా రాయలేదు. మీ క్వాలిఫికేషన్ ఏమిటి అంకుల్ అని అడిగే కుర్రాళ్లకు నా జవాబు ఇదే. రాసే అరబ్బీ వాచకాల్లో నేర్చుకున్నాను. మాట్లాడే అరబ్బీ తిట్లలో నేర్చుకున్నాను.

ఈ రెండూ వేరని మీరు మొదటే తెలుసుకోవాలి. మన దగ్గర ఒకప్పుడు గ్రాంథికం, వాడుక అని తగవు పడ్డారు చూడండి, అక్కడ ఆ తగవు ఇంకా తీరలేదు. పత్రికలో ఒక భాష, వంటింట్లో ఒక భాష, పైగా దేశానికొక వాడుక. మిషనుకు పత్రికల భాష నేర్పడానికి పెద్ద చదువులవాళ్లు చాలామంది ఉన్నారు. వంటింటి భాష నేర్పేవాళ్లు లేరు. మాలాంటి వాళ్ల అవసరం అక్కడే వచ్చింది.

ఇద్రీస్ గారు చెప్పిన మాట

ఆ టైపింగు దుకాణానికి ఒక పరిశోధనశాలవాళ్లు వచ్చారు. అరబ్బీ పుస్తకాలు వేల పేజీలు కంప్యూటరులోకి ఎక్కించాలన్నారు. ఆ పాఠాలు చదివి మిషను భాష నేర్చుకుంటుందట. నాకు నవ్వొచ్చింది. పనిలో మాత్రం చేరాను.

అక్కడ నా మొదటి పెద్దాయన ఇద్రీస్ గారు. సూడాను దేశస్థుడు. ప్రూఫులు దిద్దేవాడు. సన్నగా, ఆరడుగులు. అరబ్బీ రాతలో గుణింతపు గుర్తులు చాలావరకు రాయరు, చదివేవాడు సందర్భం చూసి నింపుకోవాలి. ఆ గుర్తులు నింపే పని మాది. వాక్యం పైకి చదవకుండా గుర్తు పెడితే ఆయన పెన్సిలుతో వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొట్టేవాడు, సాయంత్రం తన ఖర్జూరాలు పంచేవాడు.

తప్పులు పట్టడానికి అక్కడొక పద్ధతి ఉండేది. ఒకే పేజీని ఇద్దరు విడివిడిగా టైపు చేయాలి. రెండూ కలిసిన చోట ఒప్పు. కలవని చోట ఇద్రీస్ గారు చూస్తారు. నాకు జత జోసఫ్ అనే కేరళ అతను. మా ఇద్దరి పేజీలూ కలిసినంత బాగా ఎవరివీ కలిసేవి కావు. మూడు నెలలు మమ్మల్ని అందరూ మెచ్చుకున్నారు. నాలుగో నెల ఇద్రీస్ గారు ఊరికే ఒక పుస్తకం తిరగేస్తూ, పేజీ అడుగున గీత కింద చిన్న అక్షరాల్లో ఉన్న వివరణలన్నీ మా టైపులో లేవని కనిపెట్టారు. ఒక్క పేజీలో కాదు, అన్ని పేజీల్లోనూ. నేను తిరువూరులో, జోసఫ్ వాళ్ల ఊళ్లో టైపు నేర్చుకున్నప్పుడు గీత కింద ఉన్నది కొట్టొద్దనే చెప్పారు. ఇద్దరం వదిలేశాం. ఇద్దరం వదిలేశాం కాబట్టి కలిసింది. కలిసింది కాబట్టి ఒప్పయింది.

ఇద్రీస్ గారు ఆ రోజు కొట్టలేదు. "ఒకే బడిలో తప్పు నేర్చుకున్న ఇద్దరు ఎప్పుడూ ఏకాభిప్రాయంతోనే ఉంటారు సుందర్" అన్నారు.

ఆ మాట నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆ పుస్తకం ఇప్పుడూ నా బల్ల మీదే ఉంది. అయినా మళ్లీ అదే తప్పు చేశాను. తలుచుకుంటే నా మీద నాకే నమ్మకం పోతుంది.

బస్టాండు వెనక గది

ఊరికి తిరిగొచ్చేశాక కూడా పరిశోధనశాల నన్ను వదల్లేదు. అప్పటికి ఇద్రీస్ గారు కాలం చేశారు. డాక్టర్ సామీ అనే కొత్తాయన పెద్దగా వచ్చారు. చురుకైనవాడు, మర్యాదస్తుడు. నా పేరు ముందు గౌరవ పదం లేకుండా ఎప్పుడూ పిలవలేదు. చెడ్డవాడైతే ఇంత రాసేవాణ్ణి కాదు, రెండు తిట్టి వదిలేసేవాణ్ణి.

ఆయన చెప్పిన పని కొత్తది. మిషను మాట విని, అన్నది ఏమిటో కాదు, ఎలా అన్నారో చెప్పాలి. గల్ఫ్ ఇళ్లలో మాట్లాడే వాడుక అరబ్బీ, చిన్న చిన్న ముక్కలు, ఒక్కొక్కటి నాలుగైదు వాక్యాలు. విన్న మనిషి నాలుగు బటన్లలో ఒకటి నొక్కాలి: ఆప్యాయత, మామూలు, కోపం, బెదిరింపు. అలా వేలకు వేల ముక్కలకు గుర్తులు పెడితే, వాటిని చూసి మిషను నేర్చుకుంటుంది.

"వంటింటి భాష తెలిసిన చెవులు కావాలి" అన్నారు డాక్టరుగారు.

అలాంటి చెవులు మా వైపు కావలసినన్ని ఉన్నాయి. గల్ఫ్ ఇళ్లలో పనిచేసి వచ్చిన ఆడవాళ్లు లేని చర్చి మా చుట్టుపక్కల లేదు. ముగ్గుర్ని పెట్టుకున్నాను. తిరువూరు రత్నకుమారి, పన్నెండేళ్లు కువైట్‌లో చేసింది, ఆమె గదిలో ఉంటే నవ్వులే. విస్సన్నపేట నుంచి షేర్ ఆటోలో వచ్చే సలోమి, తొమ్మిదేళ్లు చేసింది, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. మూడో ఆమె వినగడప మరియమ్మ. ఆమె నాలుగు నెలలకే తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పలేదు, నేనూ అడగలేదు. వేరే ఎవరూ దొరక్క ఆమెను తీసుకున్నాను.

బస్టాండు వెనక ఒక గది, మూడు కంప్యూటర్లు, మూడు హెడ్‌ఫోన్లు. బటన్ల మీద నేనే రంగు కాగితాలు అంటించి తెలుగులో రాశాను. ముగ్గురికీ అరబ్బీ అక్షరం రాదు, చెవికి మాత్రం అన్నీ తెలుసు.

పద్ధతి పాతదే, ఇద్దరికి బదులు ముగ్గురు. ఒక ముక్కను ముగ్గురూ విడివిడిగా వింటారు, ఒకరిది ఒకరు చూడరు. ఇద్దరు ఒకటంటే అదే ఖాయం. చివర నేను విని సంతకం పెడతాను. నెలకోసారి పరిశోధనశాల నుంచి ఒక పట్టిక వచ్చేది. మిగతావాళ్లతో బాగా కలిసే మనిషి పేరు పచ్చగా, కలవని మనిషి పేరు ఎర్రగా. రత్నకుమారి పచ్చ. సలోమి పచ్చ. మరియమ్మ ఎరుపు.

మరియమ్మను తీసేసిన రోజు

రెండో నెల కూడా ఎర్రగా వచ్చింది. పట్టిక పట్టుకుని ఆమె కుర్చీ దగ్గరికి వెళ్లాను. ఈ సంభాషణ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మరియమ్మా, నీ మార్కులు మిగతా ఇద్దరితో కలవట్లేదమ్మా."

"కలవకపోతే వాళ్లనడగండి మాస్టారూ. నన్నే ఎందుకు అడుగుతారు?"

రత్నకుమారి హెడ్‌ఫోన్ తీసి నవ్వింది. "మేడం గారు దగ్గరికి పిలిచి అన్నం పెట్టినా మా వదినకి బెదిరింపేనండి."

"నీకేం, పెట్టారు కాబట్టి" అంది మరియమ్మ.

నేను ఒక ముక్క తీసి వినిపించాను. ఒకావిడ నెమ్మదిగా, తాపీగా పనిమనిషితో ఏదో చెబుతోంది. "ఇదిగో, ఇది. వాళ్లిద్దరూ మామూలన్నారు. నాకూ మామూలుగానే ఉంది. నీకు ఇందులో కోపం ఎక్కడ వినిపించింది?"

"కోపం కాదండి. కోపమైతే కోపమనే పెడతాను. బెదిరింపు."

"ఆవిడ గొంతు పెంచలేదు కదా."

"పెంచేవాళ్లతో భయం లేదండి. అరుస్తారు, పోతారు. పెంచనివాళ్లతోనే."

నేను నవ్వాను. మంచి మాట అన్నావులే అని నవ్వాను. నాలుగు నెలల మనిషికి ఏం తెలుసు, పన్నెండేళ్లూ తొమ్మిదేళ్లూ చేసినవాళ్లు చెబుతుంటే, అని మనసులో అనుకున్నాను. ఆ నెలాఖరుకు ఆమెను రావొద్దన్నాను. ఆమె గొడవ పడలేదు. తన టిఫిను డబ్బా, కుర్చీ మీద వేసుకునే తువ్వాలు తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "నేను పెట్టినవి ఉంచుతారాండి, తీసేస్తారా?" అని అడిగింది.

"ఇద్దరు ఒకటంటే మూడోది లెక్కలోకి రాదమ్మా" అన్నాను.

తల ఊపి వెళ్లిపోయింది. ఆమె చోట ఇంకొకామెను పెట్టాను, పదేళ్లు చేసి వచ్చినామె. మర్నెల పట్టికలో అందరూ పచ్చ. డాక్టర్ సామీ గారు అభినందిస్తూ ఉత్తరం రాశారు. అన్ని దేశాల బృందాల్లోనూ మా తిరువూరు గదే ముందుందట. ఆ ఉత్తరం ప్రింటు తీయించి గోడకు అంటించాను. చించేశాక ఆ చోట జిగురు మరక మిగిలింది.

తెలుగులో రాయమంది

రెండేళ్ల తర్వాత పరిశోధనశాలలో హనాన్ అనే అమ్మాయి చేరింది. జోర్డాను పిల్ల, నా మనవరాలి వయసు. నన్ను వాళ్ల భాషలో బాబాయ్ అని పిలుస్తుంది. ఒకరోజు పొద్దున్నే వీడియోలో పిలిచింది. ముఖం వాడిపోయి ఉంది.

"బాబాయ్, ఒక ముక్క పెడతాను. విని గుర్తు చెప్పు."

విన్నాను. ఒకావిడ, మధ్యవయసు, తొందర లేని గొంతు. వెనకాల గిన్నెల చప్పుడు.

"మామూలు" అన్నాను.

"బాగా విన్నావా?"

"ఎన్నేళ్లుగానో వింటున్నానమ్మా ఇలాంటివి. మామూలే."

"మిషను కూడా అదే అంది బాబాయ్" అంటూ కెమెరాకు దగ్గరగా జరిగింది. తర్వాత అంది, "ఒక పని చెయ్యి. దీన్ని నీ భాషలో రాయి. మీ ఊళ్లో ఎవరో మీ ఇంటి పిల్లతో అంటున్నట్టు రాయి. నేను ఆగుతాను."

ఇదేం పరీక్ష అనుకున్నాను. నాలుగు వాక్యాలు, నాకేం కష్టం. పెన్ను తీసుకుని రాశాను.

నీ పాస్‌పోర్టు ఎక్కడుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నువ్వు ఈ ఇంట్లో ఉన్నావని కూడా ఎవరికీ తెలియదు. నిన్న గది తలుపు వేశాను, రేపు నీళ్లు కూడా ఆపేస్తాను. సరే, ఇప్పుడు టీ పెట్టు.

మూడో వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. నాలుగోది ఎలా రాశానో తెలియదు. తెలుగులో కాగితం మీద చూసుకుంటే అది ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. అరబ్బీలో ఇప్పుడే విన్నాను. ప్రతి మాటా అర్థమైంది. మామూలు అన్నాను.

రా, పో, త్వరగా, గాడిదా. నా చెవి అక్కడ పుట్టింది. రత్నకుమారి చెవి, సలోమి చెవి అలాంటి ఇళ్లలోనే పుట్టాయి. ఆ ఇళ్లలో మాతో ఎవరూ అరబ్బీలో ఇంకోలా మాట్లాడలేదు. ఆ భాష అంటేనే అది అనుకున్నాం. కాబట్టి కలిశాం. కాబట్టి పచ్చ.

హనాన్ చెప్పింది విని ఇంకా నిర్ఘాంతపోయాను. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల కోసం నడిచే ఒక సహాయ కేంద్రం మా మిషనును అడిగి తీసుకుందట. మాట్లాడే వీలు లేనివాళ్లు ఇంట్లో మాటలు ఫోనులో రికార్డు చేసి అక్కడికి పంపుతారు. చాలా వస్తాయి, వినే మనుషులు తక్కువ. అందుకని మిషను ముందు విని, బెదిరింపు ఉన్నవాటిని పైన పెడుతుంది, మామూలువాటిని అడుగున పెడుతుంది. నేను ఇప్పుడు విన్నది అలా వచ్చినదే. మూడు వారాలు అడుగున ఉంది. వాళ్లు విని తిరిగి ఫోను చేసేసరికి ఆ నంబరు పనిచేయడం లేదు.

"దాని చివర ఇంకొంచెం ఉంది బాబాయ్" అంది. "అది అరబ్బీ కాదు. అరబ్బీ కానిదంతా చప్పుడు కింద కోసేయాలని మన నిబంధన. మిషను కోసేసింది. అది ఏ భాషో నాకు తెలియదు, నీకు తెలుస్తుందేమోనని."

పెట్టింది. గిన్నెల చప్పుడు ఆగింది. తలుపు మూసిన శబ్దం. తర్వాత ఒక ఆడగొంతు, ఫోనుకు బాగా దగ్గరగా, లోగొంతుకతో.

"వింటున్నారాండి ఎవరైనా?"

మా వైపు మాట. చర్చి నుంచి వస్తూ బస్సు కోసం నిలబడితే పక్కన వినిపించే మాట. అరబ్బీ కానిది కోసేయాలన్న నిబంధన రాసింది ఎవరో కాదు, నేనే. వెనక టీవీలు, రేడియోలు అడ్డం వస్తున్నాయని రాశాను.

డాక్టరుగారి జవాబు

గదిలో మిగతావాళ్లకు ముందు అరబ్బీ వినిపించాను, తర్వాత నేను రాసిన కాగితం చదివాను. రత్నకుమారి ముఖంలో నవ్వు పోయింది. ఆమెను అలా చూడటం అదే మొదలు. చివరికి సలోమి మాట్లాడింది.

"మా మేడం అలాగే అనేది మాస్టారూ. నీళ్లు ఆపేస్తాననేది. ఊరికి వచ్చాక మేడం ఎలాంటిదని అడిగితే మంచిదేనని చెప్పాను అందరికీ. అబద్ధం చెప్పలేదండి నేను. మంచిదేననుకున్నాను."

ఆ మధ్యాహ్నం డాక్టర్ సామీ గారికి అంతా చెప్పాను. మా గది పెట్టిన గుర్తులన్నీ తప్పుల తడక అని, మళ్లీ వినాలని అన్నాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"మీ బృందం ఏకాభిప్రాయం అందరికంటే ఎక్కువ. ఆ గుర్తుల మీదే మా వ్యాసం నిలబడింది. ఇప్పుడు తిరగతోడితే అంతా ప్రశ్నార్థకమవుతుంది. మనది పరిశోధన. వాళ్లు దాన్ని ఎక్కడ వాడుకున్నారో దానికి మనం బాధ్యులం కాదు."

"చివరి సంతకం నాదండి."

"మీరు పెద్దవారు, మనసు కష్టపెట్టుకున్నారు. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి."

పిల్లలూ, ఈ వృత్తిలో మీకు చాలామంది పెద్దలు ఈ మాట చెబుతారు. మర్యాదగా, మీ ఆరోగ్యం గురించి బాధపడుతూ చెబుతారు. మనం నేర్పినది బయటికి వెళ్లి ఏం చేస్తుందో మనకు సంబంధం లేదంటారు. కుట్టినవాడికి తెలియదా చొక్కా ఎవరో తొడుక్కుంటారని? నాకు ఆయన మీద కోపం ఇంకా తగ్గలేదు. అంతకు రెండింతలు నా మీద ఉంది. ఏకాభిప్రాయాన్ని నిజమనుకున్నది ఆయనొక్కడే కాదు. ఆయన దగ్గర కనీసం ఇద్రీస్ గారి మాట రాసిన నోటు పుస్తకం లేదు.

విశ్రాంతి తీసుకోలేదు. నేను సంతకం పెట్టిన గుర్తులను నమ్మొద్దని, తప్పు ఎలా జరిగిందో వివరంగా రాసి, హనాన్ ద్వారా నేరుగా సహాయ కేంద్రానికి పంపాను. ఆ అమ్మాయి ఉద్యోగానికి ముప్పని తెలిసీ పంపింది. వాళ్లు ఆ రోజే మిషనును పక్కన పెట్టి, వచ్చిన వరసలో మనుషులే వినడం మొదలుపెట్టారు. అయితే అందర్నీ వినలేకపోతున్నామని, సరైన గుర్తులతో మిషను మళ్లీ కావాలని డాక్టరుగారినే అడిగారు. బయటివాళ్లు అడిగేసరికి ఆయన సరేనన్నారు. రెండో కూర్పు అని దానికి పేరు పెట్టారు. తప్పు దిద్దడం అనలేదు.

వినగడప

షేర్ ఆటో దిగి అడుగుతూ వెళ్లాను. మరియమ్మ చేలో పత్తి తీస్తోంది. నన్ను చూసి నడుముకు కట్టుకున్న ఒడి సర్దుకుంది, చెయ్యి మాత్రం ఆపలేదు.

"ఏంటి మాస్టారూ, ఇంతెండలో. మార్కులు కలిశాయా ఇప్పుడు?"

"బాగా కలిశాయి. అందుకే వచ్చాను."

గట్టు మీద నిలబడి మొత్తం చెప్పాను. రికార్డు చివర తెలుగులో వినిపించిన ఆ మాట గురించి కూడా చెప్పాను. ఆమె చెట్టు చెట్టుకూ జరుగుతూ విన్నది. సాలు చివర దాకా వెళ్లి వెనక్కి వచ్చాక అంది.

"అప్పుడే చెప్పానండి నేను."

"చెప్పావు."

"మీరు నవ్వారు."

"నవ్వాను."

"రత్నకుమారి వదిన నవ్వితే నాకేం అనిపించలా. ఆమె నవ్వకపోతే బతకలేదు. సంతకం పెట్టేది మీరు కదాండి."

తప్పయిందమ్మా అన్నాను. ఆమె ఒడిలో పత్తి గోతంలోకి దులిపింది.

"ఆ పిల్ల ఎవరో తెలిసిందా?"

"లేదు. వెతుకుతున్నారు."

"మళ్లీ నన్ను రమ్మంటారు. మళ్లీ నాది ఒక్కదానిదే వేరే వస్తే?"

"అలా వచ్చినవి విడిగా పెట్టి, నలుగురం కూర్చుని వింటాం. తెలుగులో రాసుకుని వింటాం. కొట్టేయం."

"ముక్కలు కోసి పెడితే వినను" అంది. "మొదలు నుంచి చివరిదాకా ఉన్నది ఉన్నట్టు పెట్టండి. ఏ భాషైనా సరే."

ఆ నిబంధనే ఇప్పుడు మా కాగితంలో మొదటిది. ఆమె చెప్పినట్టే రాశాను, నా మాట కలపలేదు.

సోమవారం తొమ్మిదింటికి వచ్చింది. అదే టిఫిను డబ్బా, అదే తువ్వాలు. రత్నకుమారి లేచి తన కుర్చీ ఇచ్చింది, కిటికీ పక్కది. పరిహాసమేమీ ఆడలేదు. ఏది ముందు పెట్టమంటావని అడిగాను. ఆ పిల్లది పెట్టమంది.

కోయకుండా పెట్టాను. హెడ్‌ఫోన్ మరియమ్మకు ఉంది, మాకు ఏమీ వినిపించదు, కానీ నాకు ఆ రికార్డు క్షణక్షణం తెలుసు. ఇప్పుడు పాస్‌పోర్టు. ఇప్పుడు నీళ్లు. ఇప్పుడు టీ. మరియమ్మ ముఖంలో మార్పు లేదు, వేలు బెదిరింపు అని రాసిన ఎర్ర కాగితం బటన్ మీదే ఉంది. ఇప్పుడు తలుపు.

"ఆ, వింటున్నానమ్మా. చెప్పు" అంది మరియమ్మ, చెవులు మూసి ఉన్నందువల్ల కాస్త గట్టిగా.

అందరం అటు చూశాం. రికార్డు అక్కడితో అయిపోయింది. ఆమె ఇంకా కాసేపు హెడ్‌ఫోన్ చేత్తో పట్టుకుని కూర్చుని, తర్వాత బటన్ నొక్కింది.